నత్త గుల్ల మీద గీత: కాల్షియం కొరత పట్టుబడిన ఒక కేసు

హైదరాబాదులో ఇళ్లలోని అక్వేరియంలు చూసుకోవడం 14 ఏళ్లుగా నా వృత్తి. చేపల జబ్బులకు పిలిచేవాళ్లే ఎక్కువ. నత్తల కోసం పిలిచేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో ఉంటారు. చేపకు జబ్బు చేస్తే తెలుస్తుంది, నత్త మాత్రం చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. అందుకే ఈ కేసు వివరంగా రాసిపెట్టాలనిపించింది. ఇందులో నేను మూడు వారాలు వృథా చేశాను. ఆ మూడు వారాల్లో ఒక నత్త గుల్ల మరింత పాడైంది. ఎక్కడ తప్పానో కూడా దాచకుండా చెబుతాను. తొట్టి యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ప్రాంతం, భవనం పేరు వదిలేశాను, ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాను. ఆమెను టీచరమ్మ అని పిలుస్తాను.

నేపథ్యం

టీచరమ్మ ఉద్యోగ విరమణ చేసిన లెక్కల టీచరు. నగరానికి పడమటి వైపు, ప్రధానంగా బోరు మీదే ఆధారపడిన ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉంటారు. హాల్లో మూడడుగుల తొట్టి ఉంది. ఇసుక, రాళ్లు పోను 130 లీటర్ల నీరు పడుతుంది. అందులో పాతిక దాకా గప్పీ చేపలు, గుబురుగా పెరిగిన వాలిస్నేరియా అనే నీటి మొక్కలు, ఆరు మిస్టరీ నత్తలు ఉన్నాయి. డిగ్రీ జంతుశాస్త్రంలో పైలా అనే ఆపిల్ నత్త గురించి చదివినవాళ్లకు ఈ నత్తలు కొత్తేమీ కాదు. మన చెరువుల్లోని ఆపిల్ నత్త కుటుంబమే, కాకపోతే ఇవి దక్షిణ అమెరికావి. ఆగస్టులో గోలీకాయంత ఉన్నప్పుడు తెచ్చారు.

ఆమెకు ఒక నోటుపుస్తకం ఉంది. ప్రతి ఆదివారం సగం నీళ్లు మార్చి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), ఎంత మేత వేశారు, ఏ నత్త ఎక్కడ ఉంది, అన్నీ తేదీతో సహా రాస్తారు. ఇంత శ్రద్ధ ఉన్న ఇల్లు నాకు అరుదుగా దొరుకుతుంది. ఈ కేసు తేలడానికి సగం కారణం ఆ పుస్తకమే.

వచ్చిన సమస్య

జనవరి మధ్యలో ఫోను చేశారు. "బాబూ, నత్తల గుల్లలు అంచుల్లో విరిగిపోతున్నాయి. ఒకటి పోయిన వారమే చచ్చిపోయింది. నీళ్లలో లోపం లేదు, నేను చూశాను" అన్నారు.

వెళ్లాక ముందు నీళ్లు చూడలేదు. ఒక నత్తను చేతిలోకి తీసుకున్నాను. గుల్ల సమస్య ఏదైనా మొదట గుల్లనే చదవాలి. గుల్లకు రెండు చివరలు ఉంటాయి. మెలి మొదలైన కొన అన్నిటికంటే పాత భాగం, అంటే నత్త పిల్లగా ఉన్నప్పటిది. నత్త బయటికి వచ్చే నోటి అంచు ఈ వారం కట్టినది. అక్కడే ప్రావారం అనే మెత్తటి పొర కాల్షియం కార్బొనేటును పేర్చుకుంటూ పోతుంది, దాని పైన మాంసకృత్తుతో చేసిన గోధుమరంగు పూత వేస్తుంది. ఒకసారి కట్టిన గుల్లను బయటి నుంచి మరమ్మతు చేసుకోవడం నత్తకు చేతకాదు. అందువల్ల దెబ్బ ఎక్కడ ఉందన్నది చాలా విషయాలు చెబుతుంది. కొన దగ్గర తెల్లగా గుంటలు పడితే, పూత అరిగిన చోట ఆమ్లగుణం ఉన్న నీరు గుల్లను కరిగిస్తోందని అర్థం. కొన బాగుండి నోటి అంచు పలచబడితే, కట్టడానికి సరుకు అందడం లేదని అర్థం.

ఈ నత్త కొన నున్నగా, గట్టిగా, తేనెరంగులో ఉంది. గుల్ల కింది వరకు అదే రంగు వచ్చి, ఒక చోట నిలువు గీత గీసినట్టు ఆగిపోయింది. గీత తర్వాత నోటి అంచు దాకా దాదాపు 9 మిల్లీమీటర్ల వెడల్పున పాలిపోయిన పట్టీ ఉంది. ఉల్లిపొరలాగా వెలుతురు అవతలికి కనిపిస్తోంది. అంచు రంపపు పళ్లలా విరిగి ఉంది. మిగతా నాలుగింటికీ అదే గీత, దాదాపు అదే చోట ఉంది. ఇంకో నత్తకు మధ్య మెలి మీద మినపగింజంత గుంట ఉంది. టీచరమ్మ చెప్పిందాన్ని బట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కి గంటల తరబడి కూర్చుంటున్నాయట, జత కట్టాయేమో అనుకున్నారట. సున్నం చాలని నత్తలు పక్క నత్త గుల్లను నాలుకతో గీకి తినడం నేను ఇంతకుముందు చూశాను. ఆ గుంట అలా పడిందే.

ఆమె అప్పటికే చేసినవి

అప్పటికి ఆమె మూడు పనులు చేశారు. మొదటిది, దుకాణంలో చెప్పారని వారానికొక పిడికెడు కల్లుప్పు వేశారు. కల్లుప్పు వేస్తే టీడీఎస్ పెరుగుతుంది తప్ప గుల్లకు ఏమీ ఒరగదు, ఉప్పు నత్తకు గిట్టదు కూడా. రెండు వారాలకే మానేశారు, మంచిదైంది. రెండోది, ముర్గీచౌక్‌లో పిట్టల దుకాణం నుంచి సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క తెప్పించి తొట్టిలో వేశారు. నెల అయినా దాని మీద గోటితో గీసిన గీత గీసినట్టే ఉంది, ఏమాత్రం కరగలేదు. మూడోది, రోజూ ఉడికించిన పాలకూర పెట్టారు. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు.

కరగని ఆ ముక్కను చూసినప్పుడే నేను ఆగి ఆలోచించాల్సింది.

నా మొదటి నిర్ణయం, అందులో తప్పు

పుస్తకంలో ఆ వారం టీడీఎస్ 790, పీహెచ్ 8.2 అని ఉంది. నేను కేహెచ్ (నీటిలోని కార్బొనేటు, బైకార్బొనేటుల కొలత) పరీక్ష చేశాను, 14 డిగ్రీలు వచ్చింది. నగరం గ్రానైటు మీద ఉంది. ఆ రాతి పగుళ్లలోంచి పైకి వచ్చే బోరు నీటితో బకెట్లకు తెల్లటి చారలు కడతాయి, గీజర్లు పూడుకుపోతాయి, కందిపప్పు ఎంతకూ ఉడకదు. ఇన్నేళ్లలో పడమటి వైపు బోరు నీళ్లలో కాఠిన్యత తక్కువగా రావడం నేను చూడలేదు. టీడీఎస్ ఎక్కువ, పీహెచ్ ఎక్కువ, కేహెచ్ ఎక్కువ. కాబట్టి జీహెచ్ (నీటి మొత్తం కాఠిన్యత, అంటే కాల్షియం, మెగ్నీషియంల కొలత) కూడా ఎక్కువే ఉంటుందని తీర్మానించుకున్నాను. జీహెచ్ పరీక్ష సీసా సంచిలోనే ఉంది. తీయలేదు.

నీటిలో కాల్షియం ఉందని నమ్మాక మిగిలినవి మేత, విషం. ఆకుల మందులు, చేపల మందులు ఏమీ వాడలేదు, కాబట్టి నత్తలకు ప్రాణాంతకమైన రాగి వచ్చే దారి లేదు. ఇక మేతే అనుకున్నాను. పాలకూర మాన్పించి మునగాకు, క్యారెట్, మాంసకృత్తులు ఉన్న మేత చెప్పి వచ్చాను. మేత విషయంలో చెప్పినది తప్పు కాదు, కానీ అసలు కారణం అది కాదు. గీతను చూశాను, ఐదు నత్తల మీదా ఒకే చోట చూశాను, అది ఏ తేదీది అయి ఉంటుందని మాత్రం అడగలేదు. మేత లోపమైతే పలచదనం నెమ్మదిగా రావాలి, ఇలా కత్తితో కోసినట్టు మొదలవకూడదు.

ఒక చుక్క

ఫిబ్రవరి మొదటి వారంలో మళ్లీ వెళ్లాను. పట్టీ ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగింది, అదే పలచదనంతో. గుంట పడిన నత్తకు గుంట లోతైంది. ఈసారి జీహెచ్ సీసా తీశాను. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీరు పోసి పరీక్ష మందు చుక్కలు వేస్తూ లెక్కపెట్టాలి, నారింజ రంగు ఆకుపచ్చగా మారే వరకు. చుక్కకు ఒక డిగ్రీ. ఇరవై దాటుతుందనుకుని, లెక్క తప్పకుండా ఆమెను కూడా లెక్కపెట్టమన్నాను. మొదటి చుక్కకే నీరు ఆకుపచ్చ అయింది.

మందు పాడైందనుకుని మళ్లీ చేశాను. మళ్లీ అంతే. అప్పుడు సంచిలో ఉన్న వేరే ఇంటి నీటి నమూనాతో చేస్తే 18 వచ్చింది. మందు బాగానే ఉంది.

టీడీఎస్ 790 ఉన్న నీటిలో కాఠిన్యత 1. ఇలాంటి నీరు ప్రకృతిలో రావడం అరుదు, యంత్రం నుంచి మాత్రం తేలిగ్గా వస్తుంది. "టీచర్‌గారూ, ఈ మధ్య బకెట్లకు తెల్ల చారలు పడుతున్నాయా?" అని అడిగాను. "లేదు బాబూ, దీపావళి అయినప్పటి నుంచి అంతా శుభ్రంగా ఉంటోంది. సబ్బు కూడా ఒంటి మీద నుంచి ఒక పట్టాన పోదు" అన్నారు. కిందికి వెళ్లి పంపు గది చూపించమన్నాను. సంపు పక్కన రెండు పెద్ద ట్యాంకులు, గోడవారన ఉప్పు బస్తాలు పేర్చి ఉన్నాయి. నవంబరు మొదటి వారంలో సంఘం వాళ్లు నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టించారట.

ఆ యంత్రంలోని రెసిన్ పూసలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. పూసలు నిండాక ఉప్పు నీటితో కడిగి మళ్లీ వాడతారు, ఆ బస్తాలు అందుకే. టీడీఎస్ మీటరు కొలిచేది నీటిలో విద్యుత్తు ఎంత పారుతుందనేది మాత్రమే. కాల్షియం పోయి సోడియం వచ్చినా దానికి తేడా తెలియదు. టీచరమ్మ పుస్తకంలో అక్టోబరు చివరన 780, నవంబరు చివరన 790. బైకార్బొనేట్లను యంత్రం ముట్టుకోదు కాబట్టి కేహెచ్, పీహెచ్ అలాగే ఉన్నాయి. గప్పీలకు ఆ నీరు బాగానే సరిపోయింది. అవి హుషారుగా ఉండటం కూడా మమ్మల్ని ఏమరిపాటులో ఉంచింది.

పైకి వచ్చి గుల్లను మళ్లీ చూశాం. గీత నుంచి అంచు దాకా దాదాపు 12 మిల్లీమీటర్లు, వారానికి ఒకటి చొప్పున లెక్కపెడితే నవంబరు మధ్యకు చేరుతుంది. ఆదివారం ఆదివారం సగం నీళ్లు మార్చడం వల్ల రెండు మూడు వారాల్లోనే తొట్టిలోని పాత కాల్షియం చాలావరకు పోయింది. తక్కువ శ్రద్ధ ఉన్న ఇంట్లో అయితే ఇది ఇంకా ఆలస్యంగా బయటపడేది. ఆ మాట చెబితే ఆమె చాలా బాధపడ్డారు. మీ వల్ల కాదమ్మా, నీళ్లు మారాయని మీకెవరూ చెప్పలేదు అన్నాను.

సముద్రపు నురుగు ఎందుకు కరగలేదో కూడా ఇప్పుడు తేలింది. అది కాల్షియం కార్బొనేటు. కార్బొనేటు, బైకార్బొనేటు దండిగా ఉన్న క్షారగుణపు నీటిలో అది కరిగే అవకాశమే తక్కువ. ఆమ్లగుణం ఉన్న నీటిలోనైతే మెల్లగా కరిగి పనిచేసేది. నత్తల కొనలు చెక్కుచెదరకుండా ఉన్నది కూడా ఈ కారణంగానే. కోడిగుడ్డు పెంకు, గవ్వలు, సుద్దరాయి, ఏది వేసినా ఫలితం ఇంతే.

పనిచేయని మందు

పీహెచ్‌తో సంబంధం లేకుండా కరిగే కాల్షియం కావాలి. నా దగ్గర కాల్షియం క్లోరైడు ఉంది. రెండు నీటి అణువులతో ఉన్న రకమైతే 100 లీటర్లలో ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 2.6 గ్రాములు పడుతుంది. 130 లీటర్లకు 3 డిగ్రీలంటే 10 గ్రాములు. మొదటి రోజుకు అది చాలనుకుని మగ్గు నీటిలో కరిగించి ఫిల్టరు నీరు పడే చోట పోశాను. నిమిషం తిరక్కుండా పలచటి మజ్జిగ పోసినట్టు నీళ్లన్నీ తెల్లబడ్డాయి. నత్తలు ఐదూ మూతలు బిగించుకుని అడుగున పడిపోయాయి, మర్నాటి దాకా తెరవలేదు.

మర్నాడు పరీక్షిస్తే జీహెచ్ 1 నుంచి 2కు మాత్రమే పెరిగింది, కేహెచ్ 14 నుంచి 12కు దిగింది. పోసిన కాల్షియంలో మూడింట రెండు వంతులు నీటిలోని కార్బొనేటుతో కలిసి సున్నపు పొడిగా మారి అద్దాల మీద, ఆకుల మీద, ఫిల్టరు దూదిలో పేరుకుంది. చిక్కటి ద్రావణం ఒకే చోట పోయడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఆ నీటి తీరే. అంత కేహెచ్, అంత పీహెచ్ ఉన్నచోట ఇలా బయటి నుంచి పోసిన కాల్షియం నిలవదు. జిప్సం (కాల్షియం సల్ఫేటు) వాడితే ఇంకొంచెం నెమ్మదిగా జరిగేదేమో కానీ చివరికి తేడా రాదు. పైగా ప్రతి ఆదివారం ఇదంతా మళ్లీ చేయాలి. అందుకని నీటిలో ఏదో కలపడం అనే ఆలోచనే పక్కన పెట్టాను. నీరే మారాలి.

పనిచేసినది

పంపు గదిలో ప్లంబరును అడిగితే తోటకు వెళ్లే పైపు యంత్రానికి ముందే చీలుతుందని చెప్పాడు. మొక్కలకు ఉప్పు నీరు పట్టదని సంఘంలో ఎవరో ముందుచూపుతో చేయించారట. తోట కుళాయి నీరు: జీహెచ్ 24, అందులో కాల్షియం వాటా 15, కేహెచ్ 14. బోరు నీరు కాబట్టి నైట్రేటు కూడా చూశాను, 40 దాకా ఉంది. ఆ నీటినే నేరుగా పోసినా నత్తలు బతుకుతాయి, ఆగస్టు నుంచి నవంబరు దాకా పెరిగింది అందులోనే. కానీ నైట్రేటు సగమైతే మంచిదనిపించింది. వంటింటి ఆర్వో నీటిలో దాదాపు ఏమీ లేదు. రెండూ సగం సగం కలిపితే జీహెచ్ 12, కేహెచ్ 7, పీహెచ్ 7.8 వచ్చింది. ఖర్చు లేదు, పొడులు తూచే పని లేదు, రెండు బకెట్లు చాలు.

ఒకేసారి మార్చవద్దని గట్టిగా చెప్పాను. మూడు నెలలుగా సోడియం నీటికి అలవాటు పడిన ఒళ్లు, పైగా నీరసించి ఉన్నాయి. రోజు విడిచి రోజు 15 లీటర్లు మాత్రమే తీసి అంతే పోయాలి. రెండు వారాలకు జీహెచ్ 7, నెలకు 10కి చేరింది.

మేతలో కూడా కాల్షియం చేర్చాం. నీటిలో కరగని కోడిగుడ్డు పెంకు కడుపులోకి వెళితే ఉపయోగపడుతుంది. ఆమె చేసిన తీరు ఇది. పెంకుల లోపలి పొర తీసి, మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మైదాపిండిలా పట్టి జల్లించారు. ఉడికించిన మునగాకు, క్యారెట్ ముద్ద, కాస్త చేపల మేత కలిపి, ఒక చెంచా పెంకు పొడి వేసి, చైనా గ్రాస్‌తో గడ్డకట్టించి వేలి గోరంత ముక్కలు కోశారు. పొడి బరకగా ఉంటే నత్తలు వదిలేస్తున్నాయని రెండోసారి పలచటి బట్టలో జల్లించారు. మూడు గంటల తర్వాత మిగిలిన ముక్క తీసేయాలి, లేకపోతే నీళ్లు చెడతాయి.

గుంట పడిన నత్తకు గుడ్డు లోపలి పొర అంటించి మూద్దామా అని అడిగారు. ప్రావారం అందే చోటైతే నత్త లోపలి నుంచి తనే పొర వేసుకుంటుంది, గాలిలో ఎక్కువసేపు ఉంచి జిగురు పెడితే ఉన్న బలమూ పోతుందని వద్దన్నాను. ఈ నిర్ణయం సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. గుంట ప్రావారానికి దూరంగా, పాత మెలి మీద ఉంది. మార్చి మొదట్లో ఆ నత్త చనిపోయింది. గుంట మరీ లోతైన తర్వాతే నీళ్లు బాగుపడ్డాయి. జనవరిలోనే ఆ ఒక్క చుక్క వేసి చూసి ఉంటే అది బతికేదన్న ఆలోచన నన్ను వదల్లేదు.

మిగిలిన నాలుగూ నిలబడ్డాయి. మార్చి చివరికి ప్రతి గుల్ల మీదా రెండో గీత కనిపించింది. పలచటి పట్టీ ఆగిన చోట నుంచి మళ్లీ తేనెరంగు మొదలైంది, అంచును వేలితో తాకితే గట్టిగా తగిలింది. పలచటి పట్టీ మాత్రం ఎప్పటికీ అలాగే ఉంటుంది. నత్త లోపలి నుంచి కొంత దళసరి చేసుకుంటుంది, బయటికి మచ్చ పోదు. ఆ చోట గట్టిగా పట్టుకోవద్దని, అద్దం మీంచి పడితే తగలకుండా పెద్ద రాళ్లు తీసేయమని చెప్పాను. ఏప్రిల్లో నీటి మట్టానికి పైన మూత కింద గులాబీ రంగు గుడ్ల గుత్తి కనిపించిందని ఫోటో పంపారు.

ఇప్పుడు నేను చేసేది

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. నత్తలున్న ఏ ఇంటికి వెళ్లినా జీహెచ్, కేహెచ్ రెండూ చేస్తాను, టీడీఎస్ ఎంత ఉన్నా సరే. కేహెచ్ కంటే జీహెచ్ బాగా తక్కువగా వస్తే నేరుగా పంపు గదికి వెళతాను. మీటరు లేనివాళ్లను సబ్బు నురుగు గురించి, బకెట్ల చారల గురించి, బోరు నీళ్లలో పప్పు ఉడుకుతోందా అనే దాని గురించి అడుగుతాను. "ఈ మధ్య నీళ్లు బాగుపడ్డాయి" అని ఎవరైనా అంటే, ఎప్పటి నుంచని తేదీ అడిగి గుల్ల మీద గీత వెతుకుతాను. నగర సరఫరా అయిన మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో కూడా సంపులో బోరు నీరు, ట్యాంకరు నీరు కలుస్తూ ఉంటాయి, నెలనెలా మారతాయి. అందుకని ఒక్కసారి పరీక్షించి ఊరుకోవద్దని చెబుతాను.

టీచరమ్మ తొట్టి విషయంలోనూ అదే జరిగింది. ఆగస్టులో వానలు బాగా పడ్డాక తోట కుళాయి జీహెచ్ 24 నుంచి 18కి దిగిందని ఆమే పరీక్షించి ఫోను చేశారు. ఇప్పుడు రెండు పాళ్లు బోరు నీరు, ఒక పాలు ఆర్వో నీరు కలుపుతున్నారు. వేసవిలో బోరు అడుగంటినప్పుడు మళ్లీ సగం సగానికి రావాల్సి రావచ్చు, పుస్తకంలో ఆ పేజీకి ముందే గుర్తు పెట్టుకున్నారు.